శరీరం బాలికది, సంతకం వార్డెన్‌ది: ఖమ్మం హెచ్.పి.వి. టీకా ప్రాజెక్టు – వైద్య సంస్థల విధానాలపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

2009-10 సంవత్సరాల్లో నాటి ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ కోసం హెచ్.పి.వి. టీకా వేశారు. బాలికల మరణాల వార్తలు వెలువడిన తర్వాత 2010 ఏప్రిల్‌లో ఈ ప్రాజెక్టు నిలిచిపోయింది. దీనిపై సాగిన చర్చ ఎక్కువగా టీకా భద్రత చుట్టూ, విదేశీ సంస్థల వ్యాపార ప్రయోజనాల చుట్టూ తిరిగింది. పిల్లల శరీరంపై జరిగే వైద్యచర్యకు అనుమతి ఇచ్చే అధికారం ఎవరిది అనే ప్రశ్న పక్కకు జరిగింది. ఆ ప్రశ్నను కేంద్రంగా చేసుకొని ఖమ్మం ప్రాజెక్టును పునఃపరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. ఇదే ప్రశ్నపై పాశ్చాత్య దేశాల్లో శిశు సున్తీ విషయంలో వైద్య సంఘాల విధానాలు ఎదుర్కొన్న విమర్శను తులనాత్మకంగా ఇందులో వినియోగించడమైనది.

కీలక పదాలు: హెచ్.పి.వి. టీకా, భద్రాచలం ఏజెన్సీ, ఆశ్రమ పాఠశాల, సమ్మతి, సంరక్షకుని అనుమతి, శిశు సున్తీ, వైద్య నైతికత, స్థాయీ సంఘం.

1. ఉపోద్ఘాతం:

వైద్య సంఘాలు, పరిశోధన మండళ్లు వెలువరించే విధాన పత్రాల్లో తరచుగా కనిపించే వాక్యం ఒకటుంది: ఈ చర్య వల్ల కలిగే ప్రయోజనాలు నష్టాల కంటే ఎక్కువ. రోగి వయోజనుడైతే ఈ వాక్యం అతనికి ఒక సలహా మాత్రమే. ఆ సలహాను స్వీకరించాలో తిరస్కరించాలో అతడే నిర్ణయించుకుంటాడు. రోగి పిల్లవాడైనప్పుడు, అంతకు మించి ఆ పిల్లవాడు ఆరోగ్యంగా ఉన్నప్పుడు, ఆ వాక్యం స్వభావం మారిపోతుంది. అది సలహాగా ఉండక, ఆ పిల్లవాని తరఫున మరొకరు తీసుకునే నిర్ణయానికి ఆధారమవుతుంది. ఆ మరొకరు ఎవరు, వారికి ఆ అధికారం ఎక్కడి నుండి వచ్చింది, దానికి హద్దు ఏమిటి అన్న ప్రశ్నలకు ప్రయోజన నష్టాల లెక్కలో సమాధానం దొరకదు.

తెలుగు నేలపై ఈ ప్రశ్న అత్యంత స్పష్టంగా ఎదురైన సందర్భం గోదావరి తీరాన భద్రాచలం అటవీ ప్రాంతంలో జరిగిన హెచ్.పి.వి. టీకా ప్రాజెక్టు. దాదాపు అదే కాలంలో అమెరికా, ఐరోపా వైద్య సంఘాల మధ్య శిశువులకు సున్తీ చేయడంపై తీవ్రమైన వాదం నడిచింది. ఒకటి టీకా, మరొకటి శస్త్రచికిత్స. రెండూ ఒకటి కావు. అయితే ఆరోగ్యవంతులైన పిల్లలపై, వారి పెద్దవయసులో రాగల వ్యాధిని నివారించే పేరుతో చేసే చర్యలు కావడం వల్ల ఆ రెండింటి మధ్య పోలిక ఉపయుక్తమవుతుంది.

2. పరిభాష – అంగీకారం, అనుమతి, ఒప్పుదల:

తెలుగులో ఈ మూడు పదాలనూ ఒకే అర్థంలో వాడుతుంటాం. వైద్య నైతికతలో వీటిని వేరు చేసి చూడాలి. తన శరీరం గురించి, విషయం తెలుసుకొని, ఒత్తిడి లేకుండా ఒక వయోజన వ్యక్తి చెప్పే మాట అంగీకారం. మైనరు తరఫున తల్లిదండ్రులో చట్టబద్ధ సంరక్షకులో ఇచ్చేది అనుమతి. చట్టరీత్యా నిర్ణయాధికారం లేకపోయినా, విషయం గ్రహించగల వయసున్న పిల్లలు తమకు తాముగా తెలిపే ఇష్టం ఒప్పుదల. ఈ మూడింటినీ కలిపి చెప్పవలసిన చోట ఈ వ్యాసంలో ‘సమ్మతి’ అన్న మాట వాడటం జరిగింది.

భారత వైద్య పరిశోధన మండలి 2006లో ప్రకటించిన నైతిక మార్గదర్శకాలు పిల్లలపై పరిశోధనకు తల్లిదండ్రుల లేదా చట్టబద్ధ సంరక్షకుల అనుమతిని, ఎదిగిన పిల్లల ఒప్పుదలను కోరాయి. 2017లో ఆ మండలి పిల్లలకు సంబంధించి ప్రత్యేక మార్గదర్శకాలను వెలువరించింది. వాటి ప్రకారం ఏడేళ్లు నిండిన పిల్లల మౌఖిక ఒప్పుదలను, పన్నెండేళ్లు దాటిన వారి లిఖితపూర్వక ఒప్పుదలను తీసుకోవాలి. అంటే 10-14 ఏళ్ల బాలిక విషయంలో పెద్దల సంతకం ఒక్కటే చాలదన్న సూత్రం ఖమ్మం ప్రాజెక్టు మొదలయ్యే నాటికే మన దేశ మార్గదర్శకాల్లో ఉంది.

చట్టాన్ని కూడా ఇక్కడ గమనించాలి. పన్నెండేళ్ల లోపు పిల్లల మేలు కోసం సద్భావంతో, సంరక్షకుని లేదా వారిని చట్టబద్ధంగా తన ఆధీనంలో ఉంచుకున్న వ్యక్తి సమ్మతితో చేసిన పనిని నేరంగా పరిగణించరాదని భారత శిక్షాస్మృతి 89వ సెక్షన్ చెప్పేది. ప్రస్తుత భారతీయ న్యాయ సంహితలో ఇది 27వ సెక్షన్. వసతి గృహ వార్డెన్ ‘చట్టబద్ధ ఆధీనం’ కలిగిన వ్యక్తి అని ఎవరైనా వాదించవచ్చు. కానీ ఆ సెక్షన్ నేరారోపణ నుండి రక్షణ కల్పించే నిబంధన మాత్రమే; పిల్లలను అధ్యయనంలో చేర్చడానికి అది ఎవరికీ అధికారం ఇవ్వదు. పైగా అది పన్నెండేళ్ల లోపు వారికే వర్తిస్తుంది. పదమూడు, పద్నాలుగేళ్ల బాలికల విషయంలో ఆ ఆసరా కూడా లేదు.

3. ఖమ్మం ప్రాజెక్టు – నేపథ్యం, స్వరూపం:

హ్యూమన్ పాపిలోమా వైరస్, సంక్షిప్తంగా హెచ్.పి.వి., గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ప్రధాన కారణం. ఈ వ్యాధి భారం మన దేశంలో చాలా ఎక్కువ. 2020 సంవత్సరపు అంతర్జాతీయ అంచనాల ప్రకారం భారతదేశంలో ఏడాదికి సుమారు 1,23,000 కొత్త కేసులు, 77,000 మరణాలు నమోదవుతాయి. లైంగిక జీవితం మొదలుకాక ముందే వేస్తే టీకా బాగా పనిచేస్తుంది కాబట్టి కౌమారంలోకి అడుగుపెడుతున్న బాలికలను లక్ష్యంగా ఎంచుకుంటారు.

అమెరికాలోని సియాటెల్ కేంద్రంగా పనిచేసే ‘పాథ్’ అనే స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి 2007 ఫిబ్రవరిలో ఒక అవగాహన ఒప్పందం చేసుకున్నాయి. దేశంలో ఈ టీకాల విక్రయానికి అనుమతి లభించింది 2008లో. టీకాకు అనుమతి రాకముందే దాని వినియోగ ప్రాజెక్టుకు ఒప్పందం కుదిరిన ఈ క్రమాన్ని పార్లమెంటరీ స్థాయీ సంఘం తర్వాతి కాలంలో తీవ్రంగా ప్రశ్నించింది. ప్రాజెక్టుకు నిధులు బిల్ అండ్ మెలిండా గేట్స్ ఫౌండేషన్ సమకూర్చింది. టీకాలను ఉత్పత్తి సంస్థలు ఉచితంగా అందించాయి.

2009 జూలైలో ఖమ్మం జిల్లాలో మెర్క్ సంస్థ తయారు చేసిన గార్డసిల్‌తో ప్రాజెక్టు మొదలైంది. తర్వాతి నెలలో గుజరాత్‌లోని వడోదర జిల్లాలో గ్లాక్సో స్మిత్‌క్లైన్ తయారు చేసిన సెర్వారిక్స్‌తో మొదలైంది. ఖమ్మంలో సుమారు 14,000 మంది, వడోదరలో సుమారు 10,000 మంది బాలికలు టీకా పొందారు. ఆరు నెలల వ్యవధిలో మూడు మోతాదులు ఇవ్వాలన్నది ప్రణాళిక.

ఎంపికైన మండలాలు మూడూ మూడు రకాలు. తిరుమలాయపాలెం మైదాన వ్యవసాయ మండలం. కొత్తగూడెం సింగరేణి బొగ్గు గనుల పట్టణం. భద్రాచలం కోయ, కొండరెడ్డి తదితర ఆదివాసులు నివసించే అయిదవ షెడ్యూలు ప్రాంతం. జిల్లాల పునర్విభజన తర్వాత 2016 నుండి భద్రాచలం, కొత్తగూడెం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నాయి.

ఏజెన్సీ గ్రామాలు గోదావరికి, శబరికి అటూ ఇటూ అడవిలో విసిరేసినట్లుంటాయి. బడి ఈడు పిల్లలు ఆశ్రమ పాఠశాలల్లో, గిరిజన సంక్షేమ వసతి గృహాల్లో ఉండి చదువుకుంటారు. తల్లిదండ్రులు పోడు పనుల్లో, వేసవిలో తునికాకు సేకరణలో ఉంటారు. పండుగ సెలవులకో, ఎప్పుడో ఒక ఆదివారమో పిల్లలను చూసుకుంటారు. ఆరు నెలల్లో మూడుసార్లు అదే బాలికకు టీకా వేయాలనుకునే కార్యక్రమానికి ఇంటికి దూరంగా, ఒకే కప్పు కింద, హాజరు పట్టీలో పేరుతో సహా ఉండే పిల్లలు ఎంతో అనువుగా కనిపిస్తారు. సమ్మతి పొందడానికి ఏ పరిస్థితి అడ్డంకిగా ఉందో, టీకా వేయడానికి అదే పరిస్థితి సౌకర్యంగా మారింది. ఖమ్మం ఉదంతంలోని నైతిక సమస్య మూలం ఇక్కడే ఉంది.

4. నిలుపుదల – విచారణలు:

2009 అక్టోబరులోనే మహిళా సంఘాలు, ప్రజారోగ్య సంఘాలు ఈ ప్రాజెక్టుపై అభ్యంతరాలతో కేంద్ర ఆరోగ్య మంత్రికి వినతిపత్రం సమర్పించాయి. 2010 మార్చి చివరి వారంలో ఢిల్లీకి చెందిన ‘సమా’ మహిళా ఆరోగ్య వనరుల బృందం తదితరులు భద్రాచలం ప్రాంతంలో పర్యటించి, ఆశ్రమ పాఠశాలల బాలికలతో, తల్లిదండ్రులతో మాట్లాడారు. ఇది ప్రభుత్వం వేసే మామూలు టీకా అనే పలువురు భావించినట్లు వారి పరిశీలనలో తేలింది. బాలికల మరణాల వార్తలు కూడా అప్పటికే బయటికి వచ్చాయి. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టును నిలిపివేశారు. అదే నెలలో కేంద్రం విచారణ సంఘాన్ని నియమించింది. 2011లో దాని తుది నివేదిక వచ్చింది.

రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడు మరణాలు నమోదయ్యాయి. వాటిలో అయిదు ఆంధ్రప్రదేశ్‌లో, రెండు గుజరాత్‌లో సంభవించాయి. నీటిలో మునిగిపోవడం, పాముకాటు, పురుగుమందు తాగడం, మలేరియా వంటివి కారణాలుగా తేలాయి. మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్లు కనిపించడం లేదని విచారణ సంఘం భావించింది. అయితే అనుమతి పత్రాల సేకరణలోను, ప్రతికూల ఘటనల నమోదులోను లోపాలున్నాయని అదే సంఘం పేర్కొంది. ప్రజాచర్చలో మొదటి అంశమే నిలిచింది. రెండవ అంశానికి దక్కవలసిన ప్రాధాన్యం దక్కలేదు.

2013 ఆగస్టులో ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖకు చెందిన పార్లమెంటరీ స్థాయీ సంఘం తన 72వ నివేదికను పార్లమెంటుకు సమర్పించింది. పాథ్ వ్యవహరించిన తీరును బాలికల మానవ హక్కుల ఉల్లంఘనగా, బాలలపై దుర్వ్యవహారంగా ఆ సంఘం పరిగణించింది. వైద్య పరిశోధన మండలి, ఔషధ నియంత్రణ విభాగం తమ బాధ్యతలో విఫలమయ్యాయని తప్పుపట్టింది. టీకాను సార్వత్రిక టీకా కార్యక్రమంలోకి తీసుకురావడం ద్వారా ఉత్పత్తిదారులకు కలిగే లాభాన్ని కూడా ప్రస్తావించింది. పాథ్ ఈ నిర్ధారణలతో విభేదించింది. తమది ఔషధ ప్రయోగం కాదని, మరణాలకు టీకా కారణం కాదని తెలిపింది.

5. సంతకాల లెక్క:

స్థాయీ సంఘం నివేదికలోని అత్యంత ముఖ్యమైన సమాచారం అనుమతి పత్రాలకు సంబంధించినది. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 9,543 పత్రాల్లో 1,948 పత్రాలపై వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాలపై వసతి గృహ వార్డెన్లు సంతకాలు చేశారు. అంటే దాదాపు 29 శాతం పత్రాల్లో తల్లి గాని తండ్రి గాని లేరు.

ఈ రెండు సంఖ్యలను వేర్వేరుగా చూడాలి. వేలిముద్ర దానంతట అదే లోపం కాదు. చదువు రాని తల్లికి కూడా తన బిడ్డ గురించి నిర్ణయించే హక్కు, వివేకం ఉన్నాయి. అక్కడ అడగవలసింది ఆమెకు విషయాన్ని ఎవరు, ఏ భాషలో చెప్పారు, స్వతంత్ర సాక్షి ఉన్నారా అని. ఇంట్లో కోయ భాష మాట్లాడే తల్లికి వ్యాధి పేరు, టీకా పనిచేసే తీరు, రాగల ప్రతికూల లక్షణాలు, వద్దనే స్వేచ్ఛ వివరించడానికి ఒక పత్రం చదివి వినిపించడం సరిపోదు.

వార్డెన్ సంతకం సమస్య వేరు. వార్డెన్ ప్రభుత్వోద్యోగి. టీకా కార్యక్రమాన్ని నిర్వహిస్తున్నది కూడా అదే ప్రభుత్వ యంత్రాంగం. పిల్లల తరఫున ప్రధానోపాధ్యాయులు, వార్డెన్లు సంతకాలు చేసే వీలును పైఅధికారులే కల్పించినప్పుడు, సంతకం చేయనని చెప్పే స్థితి వారికి ఉండదు. అడిగినవారు, అనుమతి ఇచ్చినవారు ఒకే వ్యవస్థకు చెందినప్పుడు అది అనుమతి కాదు. ఆ వ్యవస్థ తనకు తాను రాసుకున్న ఉత్తర్వు. దీనిని వ్యక్తిగతంగా వార్డెన్ల తప్పుగా చూడటం సరికాదు. పిల్లల జ్వరానికి మందు ఇప్పించడం, పాము కరిస్తే ఆసుపత్రికి తరలించడం వారి బాధ్యత. ఆ అత్యవసర బాధ్యతను తొందర ఏమీ లేని నివారణ చర్యకు విస్తరింపజేయడంలోనే విధానపరమైన తప్పు ఉంది.

సుప్రీంకోర్టు 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో ఇచ్చిన తీర్పును ఇక్కడ గుర్తు చేసుకోవాలి. వైద్యచర్యకు సమ్మతి నిజమైనదిగా, చెల్లుబాటయ్యేదిగా ఉండాలని, అందుకు తగినంత సమాచారం ఇవ్వాలని, అత్యవసరం కానప్పుడు ఒకరి బదులు మరొకరు ఇచ్చిన సమ్మతి చెల్లదని ఆ తీర్పు స్పష్టం చేసింది. ఢిల్లీలోని ఒక వయోజన మహిళ విషయంలో వచ్చిన ఈ సూత్రం ఏడాదిన్నర తర్వాత భద్రాచలం ఆశ్రమ పాఠశాల గుమ్మం దాటలేదు.

6. ‘ప్రదర్శన’ అనే పేరు:

ఈ ప్రాజెక్టును నిర్వాహకులు ఔషధ ప్రయోగం అనలేదు. ‘ప్రదర్శన ప్రాజెక్టు’ అని, ‘పరిశీలనాత్మక అధ్యయనం’ అని పేర్కొన్నారు. అనుమతి పొందిన టీకాను ప్రజలకు అందించే పద్ధతులను పరీక్షించడం దాని ఉద్దేశమని వివరించారు. ఈ వాదంలో కొంత సత్యం ఉంది. టీకా అప్పటికే విక్రయంలో ఉంది. దాని సామర్థ్యాన్ని ఇక్కడ కొత్తగా పరీక్షించడం లేదు.

అయితే ఒక పేరు పెట్టడం వల్ల బాధ్యతలు తగ్గిపోతాయా అన్నది ప్రశ్న. ఔషధ ప్రయోగం అయితే బీమా, పరిహారం, ప్రతికూల ఘటనల సత్వర నివేదన, నైతిక సంఘం పర్యవేక్షణ ఉండాలి. సాధారణ టీకా కార్యక్రమం అయితే జాతీయ సాంకేతిక సలహా సంఘం సిఫార్సు, ప్రభుత్వ నిర్ణయం ఉండాలి. ‘ప్రదర్శన’ అనే పేరు రెండింటి మధ్య ఒక ఖాళీని సృష్టించింది. పత్రాలపై జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ చిహ్నం ఉండటం వల్ల తల్లిదండ్రులకు అది ప్రభుత్వ కార్యక్రమంగా కనిపించింది. నిర్వాహకులకు అది అధ్యయనం. ఒకే పని ఇద్దరికి రెండుగా కనిపించిన చోట సమ్మతికి అర్థం మిగలదు. తల్లి ఒప్పుకున్నది ఒకదానికి, జరిగినది మరొకటి.

7. వైద్య సంఘాల విధానాలు – శిశు సున్తీ చర్చతో పోలిక:

ఖమ్మం ప్రాజెక్టుకు ముందే వృత్తి సంఘాలు ఈ టీకాపై తమ వైఖరిని ప్రకటించాయి. ఖర్చు భరించగల కుటుంబాల బాలికలందరికీ హెచ్.పి.వి. టీకాను సూచించవచ్చని భారత శిశువైద్యుల అకాడమీ 2008లో సిఫార్సు చేసింది. ఆ రోజుల్లో ఒక్కో మోతాదు ధర వేల రూపాయల్లో ఉండేది. పట్టణ మధ్యతరగతి తల్లి వైద్యుని ఎదుట కూర్చుని ప్రశ్నలు అడిగి, ఆలోచించి, కావాలనో వద్దనో చెబుతుంది. అదే టీకా ఉచితంగా ఏజెన్సీకి వచ్చినప్పుడు ఆ సంభాషణ మాయమైంది. ధర లేకపోవడంతో పాటు ప్రశ్నించే అవకాశం కూడా లేకుండా పోయింది. వృత్తి సంఘాల సిఫార్సులు టీకా ఎవరికి, ఏ వయసులో అన్నది చెప్పాయి గాని, ఇంటికి దూరంగా ఉన్న పిల్లల తరఫున ఎవరు మాట్లాడాలన్నది వాటి పరిధిలోకి రాలేదు.

విధాన పత్రాల్లోని ఈ మౌనం ఎంత లోతైనదో శిశు సున్తీపై జరిగిన చర్చ చూపుతుంది. మన దగ్గర సున్తీ ప్రధానంగా ముస్లిం కుటుంబాల మతాచారం. అమెరికాలో అది మతంతో నిమిత్తం లేకుండా ఆసుపత్రిలో నవజాత శిశువులకు చేసే శస్త్రచికిత్సగా స్థిరపడింది. అమెరికన్ శిశువైద్యుల అకాడమీ 1971లో అందుకు వైద్యపరమైన ఆవశ్యకత లేదని చెప్పింది. 1989లో కొన్ని ప్రయోజనాలు ఉండవచ్చని అంది. 1999లో అందరికీ సిఫార్సు చేసేంత ఆధారం లేదని పేర్కొంది. 2012 ఆగస్టులో ప్రయోజనాలు నష్టాల కంటే ఎక్కువని, అయినా అందరికీ సిఫార్సు చేసేంత ఎక్కువ కాదని, నిర్ణయం తల్లిదండ్రులదని ప్రకటించింది. ఆఫ్రికాలో వయోజన పురుషులపై జరిగిన మూడు ప్రయోగాల్లో హెచ్.ఐ.వి. సంక్రమణ తగ్గినట్లు తేలడం ఈ మార్పుకు ఒక ముఖ్య ఆధారం.

మరుసటి ఏడాది డెన్మార్క్ పరిశోధకుడు మోర్టెన్ ఫ్రిష్, మరో 37 మంది వైద్యులు అదే సంస్థ పత్రిక ‘పీడియాట్రిక్స్’లో ఈ విధానాన్ని విమర్శించారు. వారిలో అత్యధికులు ఐరోపా వారు. సున్తీ సర్వసాధారణమైన సమాజం నుండి వచ్చినందువల్ల అకాడమీ నిర్ణయంలో సాంస్కృతిక పక్షపాతం ఉందని వారి ఆరోపణ. పక్షపాతం ఐరోపా వారిలోనూ ఉండవచ్చుగదా అని అకాడమీ బదులిచ్చింది. డచ్ వైద్య సంఘం 2010లోనే ఈ చర్య పిల్లల శారీరక సమగ్రతకు, స్వయం నిర్ణయాధికారానికి విరుద్ధమని ప్రకటించింది. కెనడా శిశువైద్య సంఘం 2015లో అందరు శిశువులకూ దీనిని సిఫార్సు చేయడం లేదని తెలిపింది.

ఈ చర్చ నుండి మనకు ఉపకరించే అంశాలు రెండు. మొదటిది, అందుబాటులో ఉన్న శాస్త్రీయ ఆధారాలు దాదాపు ఒకటే అయినా వేర్వేరు దేశాల వైద్య సంఘాలు వేర్వేరు నిర్ణయాలకు వచ్చాయి. కాబట్టి ‘ప్రయోజనాలు ఎక్కువ’ అన్న వాక్యంలో శాస్త్రంతో పాటు విలువల ఎంపిక కూడా ఉంది. దానిని కేవలం శాస్త్ర నిర్ధారణగా ప్రకటించడం సరికాదు. రెండవది, శస్త్రచికిత్స అనంతర సమస్యల వాస్తవ శాతం తెలియదని అకాడమీ 2012 నివేదికే అంగీకరించింది. నష్టం ఎంతో తెలియకుండా ప్రయోజనం దానికంటే ఎక్కువని ఎలా చెప్పగలరన్నది విమర్శకుల సూటి ప్రశ్న. ఖమ్మంలోనూ ఇదే ప్రశ్న వర్తిస్తుంది. ప్రతికూల ఘటనలను సక్రమంగా నమోదు చేసే ఏర్పాటు లేనప్పుడు ‘టీకా వల్ల హాని జరిగింది’ అనడానికి ఎంత ఆధారం ఉందో, ‘ఏ హానీ జరగలేదు’ అనడానికీ అంతే ఆధారం ఉంటుంది.

8. వాయిదా వేయదగినది – వేయరానిది:

రెండు చర్యల మధ్య ఉన్న తేడాను కూడా స్పష్టం చేయాలి. లేకుంటే పోలిక తప్పుదారి పట్టిస్తుంది. లైంగిక సంక్రమణల నుండి రక్షణే సున్తీకి వైద్యపరమైన కారణమైతే, ఆ రక్షణ అవసరమయ్యే వయసుకు ఆ వ్యక్తి తానే నిర్ణయించుకోగలడు. అందువల్ల దానిని వాయిదా వేయవచ్చు. హెచ్.ఐ.వి. నివారణ కోసం సున్తీని సమర్థించే ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2020 మార్గదర్శకాల్లో పదిహేనేళ్లు దాటిన వారికి ప్రాధాన్యమిచ్చి, అంతకంటే చిన్నవారి విషయంలో భద్రతను, సమ్మతి తెలిపే సామర్థ్యాన్ని పరిగణించాలని కోరింది. మతాచారంగా జరిగే సున్తీకి వైద్యేతరమైన అర్థం, సమాజంలో చేర్చుకునే విలువ ఉన్నాయి. దానిని ఈ ఒక్క కొలమానంతో తూచడం కుదరదు.

హెచ్.పి.వి. టీకాను పద్దెనిమిదేళ్ల దాకా ఆపితే కొందరి విషయంలో దాని ప్రయోజనం తగ్గిపోవచ్చు. బాల్య వివాహాలు పూర్తిగా పోని ప్రాంతాల్లో ఇది మరీ నిజం. కాబట్టి 10-14 ఏళ్ల వయసులో తల్లిదండ్రుల అనుమతితో టీకా వేయడానికి బలమైన నైతిక సమర్థన ఉంది.

సరిగ్గా ఇక్కడే ఖమ్మం వైఫల్యం మరింత బరువెక్కుతుంది. నవజాత శిశువు మాట్లాడలేడు. అతని తరఫున మాట్లాడేది కనీసం తల్లిదండ్రులు. ఏడవ తరగతి చదివే బాలిక మాట్లాడగలదు, ప్రశ్నించగలదు, భయం ఉంటే చెప్పగలదు. ఆమె తల్లిదండ్రులు బతికే ఉన్నారు. ఊరు దూరమే గాని చేరరానిది కాదు. అడగడానికి ఇద్దరు ఉండగా, ఇద్దరినీ దాటి మూడవ వ్యక్తి చేత సంతకం చేయించడం జరిగింది.

9. విమర్శలోని పరిమితులు:

ప్రాజెక్టును వ్యతిరేకించిన వారి వాదనలన్నీ సమాన బలం కలవి కావు. మరణాలను నేరుగా టీకాకు ముడిపెట్టడం అటువంటి బలహీన వాదన. వేలాది పిల్లల సమూహంలో కొన్ని నెలల కాలంలో టీకాతో సంబంధం లేని మరణాలు కూడా సంభవిస్తాయి. ఆ ప్రాంతంలో ఆ వయసు వారిలో సాధారణ మరణాల రేటు ఎంతో తెలియకుండా ఏ పోలికా నిలవదు. మరణ కారణాలు ఎత్తిచూపేది మరొక విషాదం: పాముకాటుకు, మలేరియాకు బాలికలు బలయ్యే పరిస్థితి. ఆ పరిస్థితిని మార్చడం ఏ ప్రాజెక్టుకూ లక్ష్యం కాలేదు.

ఈ బలహీన వాదన వల్ల జరిగిన నష్టం తక్కువ కాదు. టీకా ప్రమాదకరమన్న భావన స్థిరపడింది. మరణాలకు టీకా కారణం కాదని తేలగానే ‘అయితే తప్పేమీ జరగలేదు’ అనే ఎదురువాదం సులభమైపోయింది. టీకా పూర్తిగా సురక్షితమైనదైనా, ఒక్క బాలికకూ జ్వరమైనా రాకపోయినా, 2,763 సంతకాల తప్పు తప్పుగానే మిగులుతుంది. సమ్మతి ఉల్లంఘనను హానితో కొలిచే అలవాటు రెండు పక్షాలలోనూ కనిపిస్తుంది.

10. తదనంతర పరిణామాలు:

కల్పనా మెహతా, ‘సమా’ తదితరులు సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యాల్లో, పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదికను న్యాయస్థానం ఆధారంగా తీసుకోవచ్చా అనే ప్రశ్న తలెత్తింది. రాజ్యాంగ ధర్మాసనం 2018 మే 9న తీర్పు చెబుతూ, అటువంటి నివేదికలను పరిగణనలోకి తీసుకోవచ్చునని, అయితే వాటి చెల్లుబాటును కోర్టులో సవాలు చేయరాదని స్పష్టం చేసింది. రాజ్యాంగ న్యాయశాస్త్రంలో ఇది ముఖ్యమైన తీర్పు. అయితే భద్రాచలం బాలికల ప్రశ్న ఈ తీర్పులో పార్లమెంటుకు, న్యాయవ్యవస్థకు మధ్య హద్దుల ప్రశ్నగా రూపాంతరం చెందింది.

దేశవ్యాప్తంగా ఔషధ ప్రయోగాలపై పెరిగిన విమర్శ ఫలితంగా 2013 జనవరిలో పరిహార నిబంధనలు వచ్చాయి. అదే ఏడాది సమ్మతి ప్రక్రియను దృశ్య శ్రవణ రూపంలో నమోదు చేయాలన్న నియమం వచ్చింది. 2019లో కొత్త ఔషధాలు, క్లినికల్ ప్రయోగాల నియమావళి అమల్లోకి వచ్చింది.

శాస్త్రంలో వచ్చిన పరిణామం మరీ గమనార్హం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో 2009లో భారతదేశంలో రెండు, మూడు మోతాదులను పోల్చే మరొక అధ్యయనం మొదలైంది. 2010 నాటి నిలుపుదల దానికీ వర్తించడంతో వేలమంది బాలికలు ఒక్క మోతాదుతోనే ఆగిపోయారు. వారిని ఏళ్ల తరబడి పరిశీలించినప్పుడు ఒక్క మోతాదు కూడా మంచి రక్షణ ఇస్తున్నట్లు తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఒక్క మోతాదు పద్ధతిని ఆమోదించడానికి తోడ్పడిన ఆధారాల్లో ఇది ఒకటి. వసతి గృహాల బాలికలను అనువైన సమూహంగా మార్చిన మూడు మోతాదుల లెక్కే అనివార్యం కాదని తేలింది. ‘అత్యవసరం’ అన్న వాదనను నిదానంగా పరిశీలించాలని చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

సిక్కిం రాష్ట్రం 2018లో బడుల ద్వారా ఈ టీకా వేసి 95 శాతానికి పైగా బాలికలను చేరుకుంది. ముందుగా ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు విస్తృతంగా వివరించడం అక్కడి విజయానికి ఒక కారణం. సమ్మతి కోసం సమయం కేటాయిస్తే టీకా కార్యక్రమం దెబ్బతింటుందన్న భయానికి ఆధారం లేదని ఈ అనుభవం చెబుతుంది. 2022లో సీరం ఇన్‌స్టిట్యూట్ రూపొందించిన దేశీయ టీకా ‘సెర్వావాక్’కు అనుమతి లభించింది. 2024 మధ్యంతర బడ్జెట్‌లో 9-14 ఏళ్ల బాలికలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని కేంద్రం ప్రకటించింది. టీకా మళ్లీ ఆశ్రమ పాఠశాల గుమ్మం ముందుకు వచ్చే కాలమిది.

11. ఆశ్రమ పాఠశాలకు తగిన సమ్మతి పద్ధతి:

ఏజెన్సీ పరిస్థితుల్లో సమ్మతి సాధ్యం కాదన్న వాదన తరచుగా వినిపిస్తుంది. ఆచరణలో అది సాధ్యమే. పిల్లలు దసరా, సంక్రాంతి సెలవులకు ఇళ్లకు వెళతారు. సమాచార పత్రం అప్పుడు వారి వెంట వెళ్లవచ్చు. గ్రామంలోని ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ కార్యకర్త కోయ భాషలో వివరించవచ్చు. పెసా చట్టం గ్రామసభకు ఇచ్చిన స్థానాన్ని వినియోగించుకొని అక్కడ వైద్యాధికారి ప్రశ్నలకు బదులు చెప్పవచ్చు. అయితే గ్రామసభ తీర్మానం గాని పెద్దల మాట గాని ఒక తల్లి అనుమతికి బదులు కాజాలదు. సమూహ చర్చ సమాచారం కోసం, నిర్ణయం ఇంటి కోసం. తల్లిదండ్రులు లేని పిల్లల విషయంలో టీకా యంత్రాంగానికి చెందని వ్యక్తి, ఉదాహరణకు బాలల సంక్షేమ సమితి, అనుమతి ఇచ్చే ఏర్పాటు ఉండాలి. చివరిగా బాలికను విడిగా, ఆమె భాషలో అడగాలి. వద్దంటే ఆ రోజుకు ఆపాలి.

12. ముగింపు:

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

• ఖమ్మం ప్రాజెక్టులో ప్రధాన వైఫల్యం టీకాది కాదు, సమ్మతి వ్యవస్థది. మరణాల చర్చ ఆ వైఫల్యాన్ని మరుగున పడవేసింది.

• అడిగేవారు, అనుమతించేవారు ఒకే ప్రభుత్వ వ్యవస్థ అయినప్పుడు వార్డెన్ సంతకాన్ని సంరక్షకుని అనుమతిగా పరిగణించడం నైతికంగా నిలవదు.

• ‘ప్రయోజనాలు నష్టాల కంటే ఎక్కువ’ అనే వైద్య సంఘాల వాక్యంలో విలువల నిర్ణయం దాగి ఉందని శిశు సున్తీ చర్చ నిరూపిస్తుంది. నష్టాలను కొలిచే ఏర్పాటు లేని చోట ఆ వాక్యానికి ఆధారమే లేదు.

• వాయిదా వేయదగిన చర్యకు ఆ వ్యక్తి అంగీకారం కోసం వేచి ఉండటం ఉచితం. వాయిదా వేయరాని చర్యకు తల్లిదండ్రుల అనుమతి, బాలిక ఒప్పుదల రెండూ అవసరం.

• సమ్మతి ఉల్లంఘన తనంతట తానే తప్పు. దానిని నిరూపించడానికి శారీరక హాని జరిగి ఉండనక్కరలేదు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పేద స్త్రీలనే ఎక్కువగా బలిగొంటోంది. ఆ వ్యాధి నుండి ఏజెన్సీ బాలికలకు రక్షణ దక్కాలి. ఈసారి టీకా వచ్చినప్పుడు పత్రంపై చివరి గీత వద్ద తల్లి వేలిముద్ర, దాని పక్కన బాలిక తన చేతితో రాసిన పేరు ఉండటం ఆ రక్షణలో భాగమే.